చెరువుకో లాట్

2004వ సంవత్సరం. కాకినాడ ఊరి చివర ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో నేను ల్యాబ్ ఇన్‌ఛార్జిని. సాయంత్రం డ్యూటీ దిగి బస్సెక్కితే నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఎంత సబ్బు రుద్దినా రొయ్య వాసన మనిషిని ఓ పట్టాన వదలదు. మా ఆయన పెళ్ళైన కొత్తలో ముక్కు చిట్లించేవారు గానీ, నా జీతం ఇంటికి అందడం మొదలయ్యాక ఆ విషయం మాట్లాడడం మానేశారు.

ఆ రోజుల్లో మా పరిశ్రమ మొత్తాన్ని హడలెత్తించిన మాట యాంటీబయాటిక్. రొయ్యకు జబ్బు చేస్తుందన్న భయంతో కొందరు రైతులు చెరువులో ఏవేవో మందులు వేసేవారు. వాటిలో కొన్ని నిషేధించినవి. ఆ మందు జాడ రొయ్య కండలో లేశమంత కనిపించినా యూరప్ వాళ్ళు సరుకు మొత్తం వెనక్కి పంపేస్తారు. అంతకు ముందు ఏడాది మా కంటెయినర్ ఒకటి అలాగే వెళ్ళి అలాగే తిరిగొచ్చింది. ఆ జాడ పట్టడానికి ల్యాబ్‌లో ఎలైసా అనే పరీక్ష చేసేవాళ్ళం. రొయ్య కండను మెత్తగా రుబ్బి, అందులోని మందును ద్రావణంలోకి లాగి, చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో పోస్తాం. చివర్లో రంగు వస్తుంది. రంగు ఎంత తగ్గితే మందు అంత ఎక్కువ ఉన్నట్టు.

కంటెయినర్ తిరిగొచ్చిన దెబ్బకి మా ఎండీ గారు ఈఆర్పీ పెట్టించాలని నిర్ణయించారు. అంటే కొనుగోలు, కోల్డ్ స్టోరేజీ, అమ్మకాలు, అకౌంట్లు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయన్నమాట. దాంట్లోకి మా ల్యాబ్‌ని కూడా కలుపుతామన్నారు. సరుకు గేటులోకి రాగానే సాఫ్ట్‌వేర్ తనంతట తనే ల్యాబ్ పేర ఒక ఇన్‌స్పెక్షన్ లాట్, ఒకటిగా లెక్కేసి పరీక్షించాల్సిన సరుకుకు ఒక పద్దు, తెరుస్తుంది. పరీక్ష చేసి మేము యూసేజ్ డెసిషన్ ఇచ్చేదాకా, అంటే వాడొచ్చో వాడకూడదో తేల్చేదాకా, ఆ సరుకును కోల్డ్ స్టోరేజీలోంచి ఎవరూ కదపలేరు. అంతకు ముందు ఇదంతా ఫోన్ మీద నడిచేది. “ఏమ్మా, ఓకేనా?” అని అటునుంచి, “ఓకే అండి” అని ఇటునుంచి. ఎవరు అడిగారో ఎవరు చెప్పారో ఆ తర్వాత ఎవరికీ గుర్తుండేది కాదు. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ వస్తుందంటే ప్లాంటులో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే.

ఆ సంబరం మొదటి మీటింగు దాకానే నిలిచింది. హైదరాబాద్ నుంచి ఫణి అని ఒక కన్సల్టెంట్ వచ్చాడు. చురుకైనవాడు, మర్యాదస్తుడు. రొయ్యను మాత్రం అప్పటిదాకా కంచంలోనే చూశాడు.

“మేడమ్, మీ దృష్టిలో ఒక లాట్ అంటే ఏంటండి?” అని అడిగాడు.

“ఒక చెరువు” అన్నాను నేను.

“ఒక లారీ” అన్నారు రాజు గారు, సరిగ్గా అదే క్షణంలో.

రాజు గారు మా కొనుగోళ్ళ మేనేజరు. తీరం పొడుగునా ఏ గట్టు ఎవరిదో ఆయనకు తెలుసు. “చెరువు చెరువుకీ విడిగా తూకం, విడిగా ఎంట్రీ అంటే లారీ ఎండలో నిలబడిపోద్దమ్మా. ఐసు కరిగిపోద్ది. అప్పుడు మీరు పరీక్ష చెయ్యడానికి కంపు తప్ప ఏం మిగలదు” అన్నారు.

ఆయన మాటలో నిజం లేకపోలేదు. చిన్న రైతులు నలుగురు కలిసి ఒకే రోజు పట్టుబడి పెట్టుకోవడం, అంటే చెరువు నీళ్ళు తీసి రొయ్య పట్టించడం, అక్కడి అలవాటు. అందరి సరుకూ ఒకే లారీలో వేసి, కాగితాలు సరిగ్గా ఉన్న ఒకాయన పేరు మీద పంపుతారు. సాఫ్ట్‌వేర్‌లో రైతు పేరు ఎక్కించాలంటే పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా కావాలి. కౌలు రైతుల దగ్గర అవెక్కడుంటాయి? కాబట్టి సిస్టంలో ఒక్కటే పేరుంటుంది, దాని వెనక నాలుగు చెరువులుంటాయి. రేపు పరీక్షలో మందు దొరికితే అది ఏ చెరువుదో ఎలా చెబుతారని నేను అడిగాను. అందరూ టీ కప్పులు అందుకున్నారు.

“ఇప్పటికి లారీ పెట్టేద్దాం మేడమ్. చెరువు సంగతి ఫేజ్ టూలో చూద్దాం” అన్నాడు ఫణి.

ఫేజ్ టూ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ‘ఇక జరగదు’ అని అర్థం. ఎండీ గారు కూడా లారీ వైపే మొగ్గారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఓడిపోయాను సరే, నా ఫ్రీజర్ మీద పెత్తనం నాదే కదా అనుకున్నాను.

మా ప్లాంటు రైతులకు ఇచ్చే క్రేట్లన్నీ ఒకే రంగువి. ఖాళీ క్రేట్లు తిరిగొచ్చినప్పుడు ఎవరివి వాళ్ళకు చేరాలని ప్రతి కుటుంబం క్రేటు పిడికి తమ ఇంటి పాత గుడ్డ పేలిక ఒకటి కట్టేది. చీర ముక్కో, లుంగీ ముక్కో. నేను మా కెమిస్టులను పిలిచి, ఏ లారీ వచ్చినా గుడ్డ గుడ్డకీ విడిగా శాంపిల్ తీయమన్నాను. ప్రతిదాంట్లో సగం తీసి కలిపి లారీ పేరున పరీక్ష చేయడం, మిగతా సగాన్ని గుడ్డ రంగు రాసిన కవర్లో ఫ్రీజర్‌లో దాచడం. చాదస్తం అనుకున్నారో ఏమో గానీ చేశారు.

వేసవి పంట పట్టుబడులు మొదలయ్యాక కాట్రేనికోన వైపు నుంచి ఒక లారీ వచ్చింది. సిస్టంలో పేరు సూరిబాబు. ఐసు బాగా దట్టించిన నిగనిగలాడే టైగర్ రొయ్య. సరుకు కడిగి, తలలు తీసి, గడ్డ కట్టించి కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. మా ప్లేటులో మాత్రం రంగు తగ్గింది. మళ్ళీ చేశాం. మళ్ళీ తగ్గింది. నేను రిజెక్ట్ నొక్కాను.

ఆ ఒక్క నొక్కుతో సాఫ్ట్‌వేర్ రెండు పనులు చేసింది. సరుకును బ్లాక్ చేసింది. సూరిబాబు పేరును కూడా బ్లాక్ చేసింది. ఇకమీదట ఆ పేరు మీద కొనుగోలు ఆర్డరు తెరుచుకోదు. అలా ఉండాలని పట్టుబట్టి రాయించింది నేనే, ఇప్పటికీ అది సరైనదే అంటాను. సాయంత్రానికల్లా ఈ సంగతి మిగతా ప్లాంట్లకూ పాకింది.

“సూరిబాబు మందు వేశాడంటే నేను నమ్మనమ్మా” అన్నారు రాజు గారు ఫోన్లో. “కానీ నేను నమ్మకపోతే ఏం లాభం? మీ సిస్టం నమ్మేసింది.”

మర్నాడు సూరిబాబు వచ్చాడు. సన్నగా, ఎండకు కమిలిపోయిన మనిషి. లోపలికి రమ్మంటే, “వద్దండి, కాళ్ళు బురదండి” అని ల్యాబ్ గుమ్మం బయటే నిలబడ్డాడు.

“మేడమ్ గారూ, నేను మందు వెయ్యలేదండి.”

“మీ లారీలో ఎవరెవరి సరుకు ఉందండి?”

“నా పేరు మీదే వచ్చిందండి.”

“అది నాకూ తెలుసు. చెరువులు ఎవరెవరివని అడుగుతున్నాను.”

ఆయన వంగి కాలి బురద గీక్కున్నాడు. తర్వాత తలెత్తి, “ఎవరివైతే ఏంటండి? పేరు నాది ఇచ్చాక మాట కూడా నాకే రావాలి కదండి. వాళ్ళ పేర్లు చెప్తే మీరు వాళ్ళనీ ఆపేస్తారు. అందులో మా వదిన ఉందండి. కౌలు చెరువండి ఆవిడది. అది తప్ప ఇంకో ఆధారం లేదండి” అన్నాడు.

“మరి నా దగ్గరికి ఎందుకొచ్చారు?”

“నాకు రెండో చెరువుందండి. అది పట్టుబడికి వచ్చేసింది. పక్క ఊళ్ళో తెల్లమచ్చ జబ్బు పడిందంటున్నారు. మా వైపు వచ్చిందంటే చెరువు చెరువంతా గట్టున తేలిపోద్దండి. నా సరుకు ఎవరూ కొననంటున్నారు. అదీ పోతే ఇంక చెరువులు వదిలేసి ఎక్కడో కూలికి పోవాలండి.”

నాకు కోపమొచ్చింది. ఆ మనిషి మీద కాదు. ఎవరి రొయ్యో తెలియకుండా ఒక పేరును పట్టుకుని ఉరి బిగించే పద్ధతి మీద, ఫేజ్ టూ మీద, ఆ రోజు మీటింగులో జవాబు చెప్పకుండా టీ తాగిన అందరి మీద. గుడ్డ గుడ్డకీ విడిగా పరీక్ష చేస్తామని చెప్పి, సూరిబాబును మర్నాడు రమ్మని ఫ్రీజర్ తెరిపించాను. ఆ లారీవి నాలుగు కవర్లున్నాయి. ఎర్ర గుడ్డ, ఆకుపచ్చ గుడ్డ, పసుపు గుడ్డ, నీలం గళ్ళ గుడ్డ.

“పేర్లు లేని సంచులు పరీక్ష చేసి ఏం చేస్తారమ్మా? కిట్లు అసలే తక్కువున్నాయి” అన్నారు రాజు గారు.

“లారీ పరీక్ష చేసి ఏం చేశామో చూశాం కదండి” అన్నాను.

నాలుగూ విడివిడిగా చేయించాను. ఎర్ర, ఆకుపచ్చ, పసుపు శుభ్రంగా ఉన్నాయి. నీలం గళ్ళ గుడ్డ దాంట్లో రంగు బాగా తగ్గింది.

మర్నాడు సూరిబాబు వెంట వాళ్ళ వదిన సత్యవతి కూడా వచ్చింది. ఆయన తమ పేర్లు చెప్పనన్న సంగతి తెలిసి, నా చెరువు సంగతి నేనే చెప్పుకుంటానని బయల్దేరి వచ్చిందట. గట్టిగా మాట్లాడే మనిషి. కొంగు నడుముకు దోపుకుని తిన్నగా ల్యాబ్‌లోకి వచ్చేసింది. నేను ఫలితం చెప్పాను. మూడు చెరువుల్లో ఏమీ లేదు, నీలం గళ్ళ గుడ్డ కట్టిన క్రేట్లలో మందుంది అని.

సూరిబాబు గుమ్మం మెట్టు మీద కూలబడిపోయాడు. రెండు చేతులతో మొహం రుద్దుకుని, “అమ్మయ్య” అన్నాడు.

“అదేంటండి?” అన్నాను.

“ఆ లుంగీ నాదేనండి. వాళ్ళది కాదు కదండి. రాత్రంతా అదే బెంగండి, వాళ్ళలో ఎవరిదన్నా అయితే ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని.”

ఆ ఉద్యోగంలో రిజెక్ట్ అన్న మాట విని అరిచినవాళ్ళను చూశాను, బతిమాలినవాళ్ళను చూశాను, ఎండీ గారి పేరు చెప్పి బెదిరించినవాళ్ళను చూశాను. అమ్మయ్య అన్న మనిషిని అదే మొదటిసారి చూడడం. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి సత్యవతి నా మీద కాకుండా ఆయన మీద విరుచుకుపడింది.

“నీది కాబట్టి సంతోషమా? బాగుందయ్యా. ఇంతకీ నీ చెరువులోకి మందెలా వచ్చింది?”

“ఏం వెయ్యలేదొదినా. మేత, సున్నం, ఆ బలం పొడి.”

“ఏ బలం పొడి?”

అప్పుడు తెలిసింది. మోటారు సైకిల్ మీద గట్ల వెంట తిరిగే ఒకతను, రొయ్యకు అరుగుదల పెంచే మేలు రకం బ్యాక్టీరియా అని చెప్పి, వాడి చూడమని ఒక పెద్ద డబ్బా ఊరికే ఇచ్చి వెళ్ళాడట. డబ్బా మీద పచ్చటి బొమ్మలే గానీ లోపలేముందో రాయలేదు. “మా గట్టుకీ వచ్చాడండి వాడు” అంది సత్యవతి నాతో. “ముక్కూ మొహం తెలియనోడు ఊరికే ఇస్తే తీసుకుంటానా? పొమ్మన్నాను.”

ఆ డబ్బా తెప్పించి పొడిని కూడా పరీక్ష చేశాం. ప్లేటులో ఆ గుంటకు రంగే రాలేదు. మంచి చేస్తుందని వేసిన పొడిలోనే ఆ దరిద్రం ఉంది.

రెండో చెరువుకీ వేశారా అంటే, కొంచెం వేశానండి అన్నాడు. ఆ చెరువు రొయ్యనూ తెప్పించి చూశాం. మందు తక్కువే గానీ ఉంది. పొడి మానేసి, నీళ్ళు మార్చి, రొయ్య ఒంట్లోంచి మందు పోయేదాకా ఆగడమొక్కటే దారి. కానీ పక్క ఊళ్ళో తెల్లమచ్చ ఉండగా ఒక్కో రోజు ఆగడమంటే చెరువును పణంగా పెట్టడమే.

రాజు గారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. సూరిబాబును ఎలాగైనా గట్టెక్కించాలన్నదే ఆయన తాపత్రయం. “వదిన గారి చెరువు శుభ్రమని మీరే తేల్చారు కదమ్మా. కాగితాల సంగతి నేను చూసుకుంటాను, ఆవిడ పేరున సిస్టంలో రైతు కోడ్ తీయిద్దాం. రేపే పట్టుబడి పెట్టించి రెండో చెరువు ఆవిడ పేరు మీద పంపించేద్దాం. పెద్ద లారీలో కలిపేస్తే ఆ కొంచెం మందు కనపడను కూడా కనపడదు. సాఫ్ట్‌వేర్‌కేం తెలుసు?”

ఆ మాట సత్యవతి వింది. “పంపేద్దామండి. నా పేరు పెట్టండి” అంది వెంటనే.

నేను ఒంటికాలి మీద లేచాను. “సాఫ్ట్‌వేర్‌కి తెలీదు రాజు గారూ, నాకు తెలుసు. తినేవాళ్ళు ఎక్కడో ఉన్నారని మందున్న రొయ్య పంపిస్తామా? పైగా ఇప్పుడిప్పుడే ఈవిడ పేరు సిస్టంలోకి వస్తోంది. మొదటి ఎంట్రీయే అబద్ధమా?”

రాజు గారు ఇంకేదో అనబోయారు. ఈలోగా సూరిబాబే లేచాడు. “వద్దొదినా. మీకు నా పేరిచ్చాను, అందులో నాకే బాధా లేదు. నీ పేరు మాత్రం నాకొద్దు. ఆగుతాను. పోతే పోద్ది.”

మెల్లగానే అన్నాడు గానీ మరి తిరుగులేదన్నట్టు అన్నాడు. ఆయనంత గట్టిగా నిలబడ్డాక నేను ఊరుకుంటే అర్థమేముంది?

ఆ మధ్యాహ్నమే రాజు గారిని వెంటబెట్టుకుని ఎండీ గారి గదికి వెళ్ళాను. నాలుగు కవర్ల ఫలితాలు బల్ల మీద పెట్టి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. “లాట్ అంటే చెరువు కావాలండి. ప్రతి చెరువుకీ సిస్టంలో నంబరు ఉండాలి. పట్టుబడికి ముందే చెరువులోంచి శాంపిల్ తెచ్చి పరీక్ష చేయాలి. అది పాసైతేనే కొనుగోలు ఆర్డరు తెరుచుకోవాలి. బ్లాక్ పడితే చెరువుకు పడాలి గానీ మనిషికి కాదు. కౌలు రైతు అయితే కౌలు కాగితం చాలనాలి. ఇది కుదరదంటే ఇకమీదట లారీ లాట్ల మీద యూసేజ్ డెసిషన్ నేనివ్వను. ఇంకెవరినైనా చూసుకోండి.”

ఎండీ గారు ఆ కాగితాలు రెండుసార్లు చూశారు. “లారీలు లేటవుతాయంటున్నారు కదా రాజు గారు?” అన్నారు.

“గట్టు మీదే పాసైపోయిన సరుకు గేటు దగ్గర ఎందుకు ఆగుతుందండి? తూకం వేసి దించుకోవడమే” అన్నాను.

రాజు గారు గడ్డం గోక్కున్నారు. చివరికి, “అదీ నిజమేనండి” అన్నారు. ఆ మనిషిలో నాకు నచ్చేది అదే, ఒప్పుకోవాల్సి వస్తే సాగదీయరు.

ఫణిని కాట్రేనికోన వైపు చెరువుల దగ్గరికి తీసుకెళ్ళాను. బూట్లతో గట్టెక్కి, రెండో అడుగులోనే జారి నడుము దాకా బురద చేసుకున్నాడు. సత్యవతి నవ్వు ఆపుకుంటూ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. పక్కపక్కనే ఉన్న చెరువులు, వాటికి వేరువేరు యజమానులు, వేరువేరు మేత, వేరువేరు నీళ్ళు, అన్నీ తిరిగి చూశాడు. తిరుగు ప్రయాణంలో జీపులో, “మేడమ్, ఇది ఫేజ్ టూ కాదండి. ఇదే మొదట చేయాల్సింది” అన్నాడు. తిట్టుకున్నందుకు ఆ అబ్బాయికి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

సాఫ్ట్‌వేర్ మారుతున్నంత కాలం సూరిబాబు రెండో చెరువు అలా ఆగే ఉంది. పొడి మానేశాడు. మిగతా ముగ్గురి పేర్లూ సిస్టంలోకి ఎక్కాయి, సొంత కోడ్లు వచ్చాయి. ఎవరి దారి వాళ్ళు చూసుకోవచ్చు. కానీ వాళ్ళు వచ్చి సూరిబాబు గట్టు చుట్టూ పీతలు దూరకుండా వల కట్టారు. తెల్లమచ్చను చెరువు నుంచి చెరువుకు మోసేవాటిలో పీతలొకటి. కొంగలు వాలకుండా పైన దారాలు లాగారు. వంతులేసుకుని కాపలా కాశారు. రోజూ పొద్దున్నే ల్యాబ్‌కి ఫోన్ వచ్చేది. “రొయ్యలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయండి” అనేవాడు సూరిబాబు. ఆ ఒక్క మాట వినేదాకా నాకు కాఫీ సహించేది కాదు.

వారం వారం శాంపిల్ చూశాం. రంగు కొంచెం కొంచెంగా తేరుకుంది. ఒక రోజు పూర్తిగా వచ్చింది. నా చేతి మీద నాకే నమ్మకం చాలక, పెద్ద యంత్రాలున్న బయటి ల్యాబ్‌కి కూడా పంపించాను. వాళ్ళూ ఏమీ లేదన్నారు. ఆ చెరువుకు బ్లాక్ తీసేశాను. తెల్లమచ్చ వాళ్ళ ఊళ్ళోకి రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది, నా పట్టుదల కూడా అప్పుడు మూర్ఖత్వంగా కనిపించేదేమో. అయినా అదే పని చేసేదాన్ని.

పట్టుబడి రోజు సూరిబాబు లారీలోనే వచ్చాడు. సరుకు దించుతుంటే ల్యాబ్ గుమ్మం దగ్గరికి వచ్చి, సిస్టంలో ఏం రాశారో ఒకసారి చూడొచ్చా అండి అని అడిగాడు. ఆ రోజు కాళ్ళ బురద మాటెత్తకుండా లోపలికి వచ్చాడు. మానిటర్ ఆయన వైపు తిప్పాను. రైతు పేరు, చెరువు నంబరు, పరీక్ష ఫలితం, అంగీకరించడమైనది. కింద నా పేరు.

“మీ పేరెందుకండి కింద?”

“ఇది బాగుందని చెప్పింది నేను కదండి. రేపు తప్పని తేలితే నన్ను అడగాలి.”

ఆయన తెర మీద నా పేరు దగ్గర వేలు పెట్టాడు. “ఎప్పుడూ నేనే నలుగురికి పేరిచ్చేవాడినండి. నా సరుకు కింద పేరు పెట్టినోళ్ళు మీరే మొదలు” అన్నాడు.

తర్వాత చాలా ప్లాంట్లలో ఇలాంటి సాఫ్ట్‌వేర్లలోకి ల్యాబ్‌లను కలిపే పని చేశాను. వెళ్ళిన ప్రతిచోటా, మాకు ఇబ్బంది లేదండి, మావాళ్ళు మంచివాళ్ళు, సర్దుకుపోతారు అని చెప్పేవారు ఒకరుంటారు. ఆ మాట వినగానే నేను చేతిలో కాగితాలు పక్కన పెట్టి, ఆ సర్దుకుపోయే మనిషెవరో ముందు చూపించమంటాను. మన పద్ధతిలో ఎక్కడ లోపముందో అక్కడ అలాంటి మంచివాడొకడు నోరు మూసుకుని నిలబడి ఉంటాడు. వాడి నెత్తిమీద బరువు దించకుండా ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ పెట్టినా, అది ముందుగా ముంచేది వాడినే.